చూడలేదన్నందుకు సాక్ష్యం

మెట్ల కింది గది

నేను డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌ని అని చెబితే మా చుట్టాల్లో సగం మందికి అర్థం కాలేదు. మిగతా సగం అర్థమైనట్టు తల ఊపి, తమ ఫోన్ బాగు చేయమని నా చేతిలో పెట్టేవారు. రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా మా గల్లీలో నేను కంప్యూటర్ మేడమునే. అసలు ఆ పని ఏమిటో ఎవరికీ కూర్చోబెట్టి చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను. ముఖ్యంగా పెద్ద కంపెనీల్లో కాక, మాలాంటి ఊళ్లలో, మొత్తం సర్వర్‌కు ఒక్కరే దిక్కుగా ఉండబోయేవాళ్ల కోసం.

నేను పనిచేసింది కరీంనగర్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో. లక్సెట్టిపేట, హుజూరాబాద్, అటు బోథ్‌లో మా సెంటర్లు ఉండేవి. అక్కడ రక్తం తీస్తారు. చిన్న పరీక్షలు అక్కడే చేస్తారు, పెద్దవి కరీంనగర్‌కు వస్తాయి. ఎక్కడ చేసినా రిజల్టు మాత్రం వచ్చి చేరేది కరీంనగర్‌లో మెట్ల కింద ఉన్న గదిలోని సర్వర్‌లోనే. ఆ గదికి కిటికీ లేదు. ఏసీ ఉంది, కానీ అది నా కోసం కాదు, మిషన్ కోసం. చలికాలంలో కూడా దాన్ని ఆపకూడదు. నేను శాలువా కప్పుకొని కూర్చునేదాన్ని.

ఒంటరి పని అని ముందే చెబుతున్నాను. సర్వర్ నడిచినంతకాలం నువ్వున్నావని ఎవరికీ గుర్తుండదు. ఆగిన రోజు మాత్రం అందరికీ నీ పేరు నోటికి వస్తుంది. ఇంటికి పోతే నా కోసం చూసేవాళ్లు లేరు. మా ఆయన పెళ్లైన కొద్దికాలానికే పోయాడు, పిల్లలు లేరు. అందుకని ఆ గది నాకు మరీ కష్టం అనిపించలేదు. కష్టం వేరే వైపు నుంచి వచ్చింది, అదే చెప్పబోతున్నాను.

మనుషుల పేర్లన్నీ మార్చాను. హుజూరాబాద్ అని రాసిన చోట అది హుజూరాబాద్ కాకపోవచ్చు. అలవాటు పోలేదు.

లక్సెట్టిపేట

నేను చేరిన కొత్తలో సెంటర్ల నుంచి సర్వర్‌కు వచ్చే కనెక్షన్‌కు ఏ రక్షణా లేదు. పేషెంట్ పేరు, వయసు, ఊరు, పరీక్ష, ఫలితం అన్నీ ఉన్నవి ఉన్నట్టు దారిన పడి వచ్చేవి. పోస్టు కార్డు మీద రాసి పంపినట్టే. దారిలో ఎవరు పట్టుకున్నా చదువుకోవచ్చు.

లక్సెట్టిపేట సెంటర్‌కు సొంత ఇంటర్నెట్ లేదు. పక్క సెల్‌ఫోన్ దుకాణం వాళ్ల లైనే పంచుకునేవారు. ఒకసారి ఆ ఊరి నుంచి ఒక ఆమె పరీక్ష చేయించుకుంది. ఏ పరీక్షో రాయను. ఆమె రిపోర్టు కోసం వచ్చేసరికి, రిపోర్టులో ఏముందో బస్టాండు దగ్గర చాయ్ హోటల్‌లో మాట్లాడుకుంటున్నారు. ఆమె సెంటర్ దాకా వచ్చి, వాకిట్లో నిలబడి, లోపలికి రాకుండానే తిరిగి వెళ్లిపోయిందట. తర్వాత ఊరే విడిచిపెట్టిందని విన్నాను.

మా మేనేజర్ రామచంద్రం గారు సెంటర్‌లో పనిచేసే పిల్లలందరినీ పిలిపించి తిట్టారు. ఎవరు నోరు జారారని అడిగారు. ఎవరూ జారలేదు. నేను ఆ లైన్ మీద పోయే సమాచారాన్ని నా ల్యాప్‌టాప్‌లో పట్టి చూపించాను. అప్పుడే పరీక్ష చేయించుకున్న పేషెంట్ పేరూ, షుగర్ ఎంతుందో కూడా తెర మీద కనిపించాయి. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కొని తెర మీదికి వంగారు. తర్వాత, "గిది అందరికి కనవడ్తదా అమ్మా?" అని అడిగారు. చూడాలనుకున్నవాళ్లకు కనబడుతుంది సార్ అన్నాను.

ఆ మధ్యాహ్నం నుంచే నా అసలు ఉద్యోగం మొదలైందని అనుకుంటాను.

గుసగుస చాలదు

కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేయడం కష్టం కాదు. సెట్టింగుల్లో కొన్ని లైన్లు మారిస్తే అవుతుంది. దారిలో పట్టుకున్నవాడికి అర్థం లేని అక్షరాలు తప్ప ఏమీ కనిపించవు. రామచంద్రం గారు అక్కడితో పని అయిపోయిందనుకున్నారు.

"తాళం ఏసినం గద. ఇంకా గీ సర్టిఫికెట్ల లొల్లి ఎందుకు? సెంటరోళ్లు పరేషాన్ అయితుండ్రు," అన్నారు.

కొత్తవాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఎన్‌క్రిప్షన్ అంటే గుసగుసగా మాట్లాడటం. గుసగుసగా చెబితే పక్కవాడికి వినబడదు, నిజమే. కానీ ఎవరి చెవిలో చెబుతున్నావో చూసుకోకపోతే ఆ గుసగుస దేనికి? మధ్యలో ఒకడు నేనే సర్వర్‌నని కూర్చుంటే, సెంటర్ కంప్యూటర్ వాడి చెవిలోనే భద్రంగా అన్నీ చెప్పేస్తుంది. అందుకే సర్టిఫికెట్. సర్వర్ తన సర్టిఫికెట్ చూపించాలి. దాని మీద మనం నమ్మే సంతకం ఉందా, పేరు సరిపోయిందా, గడువు ఉందా అని సెంటర్ కంప్యూటర్ చూడాలి. అన్నీ కుదిరితేనే నోరు విప్పాలి.

ఆ సంతకం చేసే తాళంచెవి, అంటే ఒక రహస్య సంఖ్య, మా సొంతం. దాన్ని నెట్‌వర్క్‌లో లేని పాత కంప్యూటర్‌లో ఉంచి, ఆ కంప్యూటర్‌ను పెద్ద డాక్టర్ గారి గదిలో ఇనుప బీరువాలో పెట్టించాను. పెద్ద డాక్టర్ అంటే మా ల్యాబ్ యజమాని సరోజనమ్మ గారు. ఆమె మాట తక్కువ మనిషి. నేను ఎందుకో చెప్పబోతే, "బీరువా చాలునా, ఇంకోటి కావాల్నా?" అని మాత్రం అడిగారు. నా ఉద్యోగంలో నాకు దొరికిన అదృష్టం ఆమె.

సెంటర్లకూ విడివిడిగా సర్టిఫికెట్లు ఇచ్చాను. హుజూరాబాద్ కంప్యూటర్ హుజూరాబాద్‌నని రుజువు చేసుకుంటేనే సర్వర్ లోపలికి రానిస్తుంది. వచ్చాక తన సెంటర్ పేషెంట్లనే చూపిస్తుంది. అంతకుముందు ఎవరు ఎక్కడి నుంచైనా ఏ పేరైనా కొట్టి చూసుకునేవారు. చివరికి ఎన్‌క్రిప్షన్ లేని కనెక్షన్లను సర్వర్ అసలు తీసుకోకుండా పాత దారి మూసేశాను. ఇది మరిచిపోయేవాళ్లు చాలామంది. కొత్త తలుపు పెట్టి పాత తలుపు తెరిచే ఉంచుతారు. మీరు పెట్టిన తర్వాత రక్షణ లేకుండా కనెక్ట్ కావడానికి మీరే ప్రయత్నించండి. సర్వర్ మిమ్మల్ని వెళ్లగొడితేనే పని అయినట్టు.

బోథ్ సెంటర్‌లో దేవరావు అని ఒకాయన ఉండేవాడు. మాటల్లో మరాఠీ కలుస్తుంది, నన్ను బాయీ అని పిలిచేవాడు. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"బాయీ, నీ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదంటుంది గీ డబ్బా!"

నవ్వొచ్చింది కానీ అతను చెప్పింది అక్షరాలా నిజం. బోథ్‌లో కరెంటు పోయి వచ్చేది. ఆ కంప్యూటర్ లోపల గడియారానికి ఉండే బిళ్ల బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు వచ్చిన ప్రతిసారీ దాని తేదీ వెనక్కి పోయి కూర్చుంటుంది. ఆ తేదీకి మా సర్టిఫికెట్ నిజంగానే ఇంకా పుట్టలేదు. అప్పటికే ఎవరో కంప్యూటర్లు తెలిసినతను వచ్చి, ఆ సరిచూసే సెట్టింగ్ తీసేస్తే అయిపోతుందని సలహా ఇచ్చి పోయాడట. దేవరావు తీయలేదు. "నువ్వు వద్దన్నవ్ గద బాయీ, అందుకే ముట్టలే," అన్నాడు. బ్యాటరీ మార్చాక అంతా సరిపోయింది. ఇబ్బంది వచ్చినప్పుడు తనిఖీని తీసేయమనేవాడే ప్రతి ఊళ్లో మొదట దొరుకుతాడు. వాడి మాట వినకండి.

సాజిదా

ల్యాబ్‌లో నాకు ఉన్న స్నేహితురాలు ఒక్కతే. సాజిదా రక్తం తీసే సెక్షన్‌కు ఇన్‌చార్జి. కరీంనగర్‌లో బట్టల వ్యాపారం చేసే ఇంటి పిల్ల. నాకంటే కొంచెం చిన్నది, కానీ నన్ను పేరు పెట్టే పిలిచేది. మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకొని మెట్ల కింది గదికి వచ్చేది. నా శాలువా సగం లాక్కొని కప్పుకునేది. ఆ గదిలోకి పని లేకుండా వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. రోజు మొత్తంలో నేను మాట్లాడే మాటల్లో ఎక్కువ భాగం ఆ కాసేపట్లోనే అయిపోయేవి.

ఆమె చెల్లెలు రేష్మకు సంబంధాలు చూస్తున్నారు. హుజూరాబాద్ పిల్లవాడు ఇమ్రాన్ సంబంధం వచ్చింది. గల్ఫ్‌లో డ్రైవర్‌గా చేసి, ఒప్పందం పూర్తికాకముందే తిరిగి వచ్చాడు. మా వైపు అలా ముందే తిరిగి వస్తే చాలు, మెడికల్‌లో తప్పాడట, ఏదో రోగం ఉండి పంపేశారట అని మొదలవుతుంది. రేష్మకు మాత్రం పిల్లవాడు నచ్చాడు. రెండిళ్లవాళ్లూ మాట దగ్గరికి వచ్చారు.

ఆ రోజు సాజిదా డబ్బా విప్పలేదు.

"సుగుణ, ఒక్క మాట అడుగుత. కాదనకు."

"అడుగు."

"గా పిల్లగాడు మన హుజూరాబాద్ సెంటర్ల రక్తం ఇచ్చిండట. మొన్న గల్ఫ్ కెంచి వచ్చినంక. జర చూడు."

నేను కీబోర్డు పక్కకు జరిపాను.

"రోగం పేరు గూడ చెప్పకు. చేసుకోమంటే చేసుకోమను, వద్దంటే వద్దను. అంతే."

"నేను చూడ సాజిదా."

"ఇంతకుముందైతే నిన్ను అడగకపోతుంటి. నేనే పేరు కొట్టి చూసుకుందును. నువ్వే అన్ని తలుపులు మూసినవ్."

అది నిజం. నేను మూసిన తలుపుల వల్లే ఆమె నా దగ్గరికి రావలసి వచ్చింది. నాకు అప్పుడే తట్టింది, ఇంతకాలం నేను చేసిందేమిటో. దారిలో చూసేవాళ్లను ఆపాను, సెంటర్లలో చూసేవాళ్లను ఆపాను. ఇప్పుడు డాక్టర్లు కాక అన్ని ఊళ్ల రోగాలూ చూడగలిగిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను.

"నీ చెల్లె అయినా, నా సొంత చెల్లె అయినా నేను చూడను. అతన్నే రిపోర్టు అడగండి. లేకపోతే ఇద్దరికీ పరీక్ష చేయిద్దామని చెప్పండి," అన్నాను.

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత డబ్బా మూత బిగించి లేచింది.

"సమజైంది."

"ఏం సమజైంది?"

"ఏం లేదు తియ్," అని వెళ్లిపోయింది.

మా దగ్గర సంబంధం గురించి ఆరా తీసేటప్పుడు చెడ్డమాట ఎవరూ నోటితో అనరు. అబ్బాయి బాగుంటే, బంగారమసొంటి పిల్లగాడు, కండ్లు మూసుకొని ఇయ్యుండ్రి అంటారు. బాగోకపోతే, మాకంత ఎరుక లేదు, మీరే అర్సుకోండ్రి అంటారు. అడగవచ్చినవాళ్లు చాయ్ తాగి, విషయం తెలుసుకొని లేస్తారు. నేను ఆ ఊళ్లలోనే పుట్టి పెరిగినదాన్ని. నాకు తెలియని ఆచారం కాదు. కానీ ఆ పూట నేను సర్వర్ మనిషిగా మాట్లాడాను, ఆమె ఆడపిల్ల తరఫు మనిషిగా విన్నది.

తర్వాతి వారం వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ ఇంటికి, ఈ సంబంధం మేం చేసుకోం అని కబురు పంపారట. "నీ మేలు సచ్చేదాక మర్వ సుగుణ," అన్నది.

చేతులు వెనక్కి లాక్కున్నాను. "నేను చూడలేదే! ఒట్టు. అతనికి ఏముందో నాకు తెలియదు!"

"ఔ, నువ్వు చూడలే. ఎవ్వరడిగినా నేను గూడ గదే చెప్త," అని కన్ను కొట్టింది.

ఎంత చెప్పినా వినలేదు. చివరికి లాగ్ చూపిస్తానన్నాను. ఏ రికార్డు ఎవరు తెరిచారో, ఏ సర్టిఫికెట్‌తో వచ్చారో సర్వర్ రాసి పెడుతుంది. అందులో ఆ రికార్డు నేను తెరవలేదని కనిపిస్తుంది.

సాజిదా నవ్వింది. "గా లాగ్ గూడ నీ చేతులనే గద ఉండేది?"

ఆమె అన్నది సరైన మాట. నేను తుడిచేయగలిగిన లాగ్ నా నిజాయితీకి సాక్ష్యం కాదు. ఇన్ని సర్టిఫికెట్లు తయారుచేసినదాన్ని, చూడలేదన్న ఒక్క మాటకు రుజువు చూపించలేకపోయాను.

హుజూరాబాద్ పిల్లవాడు

కొన్ని రోజులకు కౌంటర్ నుంచి పిలుపు వచ్చింది, నన్ను అడుగుతూ ఎవరో వచ్చారని. సన్నగా, పొడుగ్గా ఒక అబ్బాయి. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకొని వచ్చాడు. పేరు ఇమ్రాన్ అన్నాడు. లోపలికి తీసుకొచ్చి కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"మీరు నా గురించి ఏం చెప్పిండ్రు మేడం?"

"నేనేం చెప్పలేదు బాబూ."

"అదే అంటుండ్రు. ఏం చెప్పలేదట. గందుకే వద్దన్నరట."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. చేతిలో రిపోర్టు ఉంది, తన గుర్తింపు చూపించి అప్పుడే కౌంటర్‌లో తీసుకున్నది. దాన్ని నా టేబుల్ మీద పెట్టాడు.

"చదువుండ్రి."

"వద్దు, అది నీది."

"నేనే ఇస్తున్న గద. చదువుండ్రి."

చదివాను. టైఫాయిడ్ జ్వరం. అది తప్ప ఇంకేమీ లేదు. మిగతావన్నీ శుభ్రంగా ఉన్నాయి. పనిచేసిన కంపెనీ మూతపడి అందరినీ ఇంటికి పంపేశారట. వచ్చిన తర్వాత జ్వరం పట్టుకుంది. అంతే కథ.

"నేను వాళ్లకు చెబుతాను. ఇప్పుడే చెబుతాను. నువ్వు సరే అంటే చాలు," అన్నాను.

"వద్దు."

"ఎందుకు బాబూ? ఈ కాగితం చూపిస్తే..."

"నేను కాయితం వట్టుకొని ఇంటింటికి తిరగాల్నా, నాకు రోగం లేదని? అడిగినోళ్లకు చెప్పకపోతిరి. ఇప్పుడు అడగనోళ్లకు ఎందుకు చెప్తరు? చెప్పొద్దు. ఎవ్వరికి చెప్పొద్దు."

కాగితం మడిచి జేబులో పెట్టుకొని వెళ్లిపోయాడు. కొంతకాలానికి మళ్లీ గల్ఫ్‌కు పోయాడని తెలిసింది.

ఆ పూట నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను. ఆ గదికి కిటికీ లేకపోవడం అప్పుడు ఒకందుకు మంచిదైంది. అతని రిపోర్టు అతని సొత్తు. అందులో రోగం ఉందని చెప్పడం ఎంత తప్పో, లేదని చెప్పడమూ అంతే. చెప్పమనే హక్కు ఉన్న ఒకే ఒక్క మనిషి చెప్పవద్దన్నాడు. ఇంకో దారి ఉందా అని చాలా వెతికాను. ఇప్పుడు కూడా కనిపించదు.

నన్ను నేను తీసేసుకోవడం

తర్వాత సరోజనమ్మ గారి దగ్గరికి వెళ్లాను. ఎవరి పేరూ చెప్పకుండా ఒకటే కోరాను. నాకు ఫలితాలు కనబడకూడదు. ఫలితాల భాగాన్ని వేరే తాళంతో ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ తాళంచెవి డాక్టర్ల చేతిలోనే ఉంచాలి. సర్వర్ నేను నడుపుతాను, బ్యాకప్ నేను తీస్తాను, కానీ లోపలున్నది నేను చదవలేకపోవాలి. లాగ్ కూడా నేను ముట్టుకోలేని ఇంకో మిషన్‌లో పడాలి.

రామచంద్రం గారికి ఇది వింతగా తోచింది. "నీ మీద నీకే నమ్మకం లేదా అమ్మా?" అన్నారు.

"నా మీద నాకు నమ్మకం ఉంది సార్. కానీ ఊరు నన్ను నమ్మాల్సిన అవసరమే లేకుండా ఉండాలి," అన్నాను.

సరోజనమ్మ గారు ఏమీ అడగలేదు. చేయమన్నారు. చేశాను. రిపోర్టులు డాక్టర్లు తప్ప సిబ్బంది ఎవరూ చూడలేరని కౌంటర్ దగ్గర పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించాను. దాని కింద, చూడలేనివాళ్లలో నా హోదా కూడా రాయించాను. మిగతా స్టాఫ్ నవ్వుకున్నారు.

పిల్లలూ, నేను చెప్పదలచుకున్నది ఇదే. సర్వర్‌ను బయటివాళ్ల నుంచి కాపాడటం సగం పనే. తర్వాత నీ నుంచి కూడా కాపాడు. అదీ ఎవరో వచ్చి అడగకముందే చేయి. ఎవరూ అడగని రోజున, చేరిన మొదటి వారంలోనే, నాకు కనబడదు అని అందరికీ తెలిసేలా చేసి పెట్టు. అడిగాక చెబితే ఆ మాటకు ఇంకో అర్థం వస్తుంది. చాలామంది ఈ పనిలోకి వచ్చి, అన్నీ కనబడటమే తమ గొప్ప అనుకుంటారు. అలాంటి ఆఫీసర్లను నేను చూశాను. పెళ్లిళ్లలో మనుషులను చూసి నవ్వుకునేవారు, వీళ్ల గుట్టు నాకు తెలుసు అన్నట్టు. నేనైతే పెళ్లిళ్లకు పోవడమే మానేశాను.

రిటైరైన రోజు నా స్థానంలో వచ్చిన అమ్మాయి నా పేరు మీదున్న సర్టిఫికెట్‌ను రద్దు చేసింది. నేనే చేయమన్నాను. చేశాక నా ల్యాప్‌టాప్ నుంచి ఒకసారి కనెక్ట్ అవడానికి ప్రయత్నించాను. సర్వర్ ఒప్పుకోలేదు. ఆ అమ్మాయికి భలే నేర్పానని సంతోషం వేసింది. ఆటోలో ఇంటికి వస్తుంటే, ఇక నన్ను గుర్తుపట్టాల్సిన చోటు ఒక్కటీ లేదు కదా అని కూడా అనిపించింది.

పండగ పూట

సాజిదా మాత్రం నన్ను వదల్లేదు. నేను రిటైరయ్యాక కూడా ప్రతి రంజాన్‌కు వచ్చేది. రేష్మను ఆదిలాబాద్ ఇచ్చారు, పిల్లలతో బాగానే ఉంది. సాజిదా వచ్చి, కూర్చొని, నా చేతులు పట్టుకొని ప్రతిసారీ ఆ మాటే ఎత్తేది. "గా రోజు నువ్వు సైగ చెయ్యకపోతే మా చెల్లె గతి ఏమైతుండెనో." నేను సైగ చేయలేదని మొదట్లో చెప్పేదాన్ని. తర్వాత చెప్పడం మానేశాను. పండగ పూట ఇంటికి వచ్చే మనిషి నాకు ఆమె ఒక్కతే.

ఆమె కృతజ్ఞత చెప్పిన ప్రతిసారీ ఆ అబ్బాయి మీద ఇంకో ముద్ర పడుతున్నట్టు ఉండేది నాకు. ఇమ్రాన్ గల్ఫ్ నుంచి వచ్చేసి హుజూరాబాద్‌లో టైర్ల దుకాణం పెట్టాడని నిరుడు తెలిసింది. బస్సెక్కి వెళ్లాను. జుట్టు నెరిసింది, కానీ గుర్తుపట్టాడు. కుర్చీ తుడిచి వేసి చాయ్ తెప్పించాడు.

"ఇప్పుడన్నా చెప్పనా?" అని అడిగాను.

దేని గురించో అతనికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో ఉన్న గుడ్డ పక్కన పెట్టాడు.

"మీరు ఇంకా చెప్పలేదా మేడం?"

"నువ్వు వద్దన్నవ్ కదా."

"నేను కోపంల అన్న. రెండు రోజులకు చెప్తరనే అనుకున్న." కాసేపు రోడ్డు వైపు చూశాడు. "చెప్పకపోతరా, రేష్మ ఫోన్ చెయ్యకపోతదా అని చూసిన గూడ. తర్వాత గల్ఫ్ పోయిన."



"ఇప్పుడు చెప్పుకోండ్రి," అన్నాడు. "రాసుకున్నా రాసుకోండ్రి. పేరు పెట్టకుండ్రి, అంతే. మా ఇంటామెకు గా ముచ్చట ఎరుక లేదు."

ఆ వచ్చిన పండగకు సాజిదా మామూలుగానే వచ్చింది. ఆమె ఆ మాట ఎత్తకముందే చెప్పేశాను. ఆ పిల్లవాడికి ఏ రోగమూ లేదు, టైఫాయిడ్ జ్వరం తప్ప. కాగితం నా కళ్లతో చూశాను.

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"ఎప్పటిసంది ఎరుక నీకు?"

"మీరు వద్దని కబురు పంపిన కొన్ని రోజులకే. అతనే వచ్చి చూపించాడు. ఎవరికీ చెప్పవద్దన్నాడు."

ఆమె ఏడవలేదు, అరవలేదు. రేష్మ ఆ పిల్లవాడి కోసం ఎన్ని రోజులు అన్నం ముట్టలేదో నెమ్మదిగా చెప్పింది. అది నాకు ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. తర్వాత నా వైపు తిరిగింది.

"గిన్ని పండుగలు నేను నీ చేతులు వట్టుకొని మేలు జేసినవ్, మేలు జేసినవ్ అంటుంటె, నువ్వు ఎట్ల కూసున్నవే సుగుణ?"

అతను వద్దన్నాడని మళ్లీ చెప్పాను. చెప్పకూడని మాట ఎలా చెబుతానని అడిగాను.

"ఔ. సరిగనే జేసినవ్," అన్నది. బురఖా సర్దుకొని, చెప్పులు తొడుక్కొని, గేటు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లిపోయింది.

ఫోన్ చేస్తే ఎత్తుతుంది. బాగున్నావా అంటే బాగున్న అంటుంది. నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అలాగే చేస్తాను. మీరూ అలాగే చేయాలి.

ఈసారి రంజాన్‌కు పొద్దున్నుంచి తలుపు దగ్గరగా వేసి, గడియ పెట్టకుండా కూర్చున్నాను. మాపటికి లేచి గడియ పెట్టాను.